బొమ్మలోని చెట్టుకు కొమ్మ కొట్టుట

చెట్టు ఏ రూపంలో ఉన్నా దాని కొమ్మలకు పురపాలక సంఘానిదే పూచీ అన్నది నాగరికత సాధించిన మహోన్నత సూత్రం. ఆ సూత్రం ప్రకారమే టలబూన్ టౌన్ హాల్లోని చిత్రప్రదర్శనలో, ఈనిడ్ వేసిన నీటిరంగుల చిత్రం చుట్టూ పసుపు టేపు కట్టి, వృక్ష ప్రమాద అధికారి డారెన్ కత్తెర బయటికి తీశాడు.

"ఆగు బాబూ, అది కాగితం!" ఈనిడ్ అడ్డంగా నిలబడింది.

"కాగితమే మేడమ్, కాదనను. మాను మీద మా నంబరు రేకు ఉంది చూడండి."

ఉంది. నదిగట్టు మీది ముసలి యూకలిప్టస్‌ను ఉన్నదున్నట్టు దించాలన్న పట్టుదలతో, సంఘంవారు మానుకు కొట్టిన రేకును కూడా ఆమె నంబరుతో సహా వేసింది. అసలు చెట్టు నిరుడే పోయింది. (కొమ్మ కొట్టమంటే పనివాళ్లు చెట్టు మొదలే కొట్టేశారు. కనుక కొమ్మ కొట్టే పని ఇంకా పెండింగులోనే ఉంది.) ఇప్పుడు ఆ నంబరూ ఆ కొమ్మా కలిసి కనిపించేది ఈ బొమ్మలోనే.

చూడవచ్చినవాళ్లు హెల్మెట్లు పెట్టుకుని కళను ఆస్వాదిస్తున్నారు. "ఆ ఆకుల్లో వెలుతురు చూడండయ్యా!" అంటూ ముందుకు వంగిన పెద్దాయనను, ఎండాకాలం యూకలిప్టస్ కొమ్మలు ఉన్నట్టుండి విరిగిపడతాయి, కింద నిలబడరాదని డారెన్ వెనక్కి జరిపాడు. అందరికన్నా ఎక్కువగా కళ్లు తుడుచుకుంటున్నది ఈనిడ్ భర్త రెక్స్.

"పెళ్లయిన దగ్గర్నుంచి దాని నీడలోనే కదా టీ తాగాం. ఆ కొమ్మ కొట్టమని ఏ దుర్మార్గుడు ఫిర్యాదు చేశాడో!"

"వాడి పేరు చెప్పు డారెన్. కాళ్లు పట్టుకునైనా వెనక్కి తీసుకోమంటాను," అంది ఈనిడ్.

"పేరు గోప్యం మేడమ్. ఆపగలిగేది మాత్రం ఆయనొక్కడే."

"పోనీలేవే, ఒక్క కొమ్మేగా," అన్నాడు రెక్స్ గబగబా.

ఈనిడ్ అతనికేసి వింతగా చూసింది.

డారెన్ కత్తెర ఆనించి, నిబంధన గుర్తొచ్చి ఆగాడు. కొట్టేముందు ఫిర్యాదుదారు కింద లేడని తేల్చుకోవడానికి అతన్ని పేరు పెట్టి బిగ్గరగా పిలవాలి. (ప్రాణరక్షణ ముందు గోప్యత నిలవదు.)

"చూరు వాననీటి గొట్టాల్లో ఆకులు నిండుతున్నాయని ఫిర్యాదు చేసిన పెద్దమనిషి పక్కకు తప్పుకోవాలి! రెక్స్ హార్గ్‌రీవ్!"

హాల్లోని హెల్మెట్లన్నీ ఒకేసారి తిరిగాయి. ఈనిడ్ మాత్రం తిరగలేదు. బొమ్మనే చూస్తూ ఉండిపోయింది.

"ఆపెయ్ బాబూ," అన్నాడు రెక్స్, నేల చూస్తూ.

"మీ ఇష్టం సార్." డారెన్ కత్తెర మూశాడు. "ఇకమీదట మీ చూరులో ఆకులు పడితే మాత్రం మమ్మల్ని అనకండి."