ముప్ఫై ఏడు రోజుల పట్టిక

ఆ ఉదయం లెక్కల మాస్టారి కార్యక్రమం చాలా చిన్నది. ఆరో తరగతికి భిన్నాలు చెప్పడం, మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్ కిటికీ దగ్గర డ్రాయింగ్ మాస్టారి పక్కన కూర్చుని డబ్బా తినడం, సాయంత్రం గొడుగు మరిచిపోకుండా ఇంటికి వెళ్లడం. పదకొండేళ్లుగా ఆయన రోజులన్నీ ఇంచుమించు ఇలాగే గడిచాయి. ఆయనకి వాటి మీద ఫిర్యాదేమీ లేదు.

మొదటి పీరియడ్ సగంలో హెడ్మిస్ట్రెస్ ఒక కొత్తమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ పిల్ల కుటుంబం ఎక్కడో దూరం నుంచి వచ్చింది. ఇంట్లో మాట్లాడే భాష వేరు. మన భాష వచ్చు గానీ, ప్రతి మాటా మెట్టు చూసుకుని దిగుతున్నట్టు పలుకుతుంది.

"ఈ పిల్ల ఒంటరిగా ఉండకూడదు మాస్టారూ. ఆ బాధ్యత మీది," అని హెడ్మిస్ట్రెస్ వెళ్లిపోయారు.

మాస్టారు క్లాసంతా చూశారు. పద్దెనిమిది బెంచీలు, బెంచీకి ఇద్దరు, ముప్ఫై ఆరుగురు. ఈ పిల్లతో ముప్ఫై ఏడు. రెండుతో భాగిస్తే శేషం ఒకటి. చిన్నప్పుడు ఆయన కూడా అలాంటి శేషమే. ఏ ఆటలోనైనా రెండు జట్లూ పంచుకోగా మిగిలిపోయి, గోడ దగ్గర చెప్పులకు కాపలా కాసినవాడు. ఆ సంగతి ఆయన ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆయన ఆలోచన తెమిలేలోపే మూడో బెంచీలోని పిల్ల ఒకతె పక్కమ్మాయిని మోచేత్తో నెట్టి జానెడు చోటు చేసింది. చెవి మీద ఎప్పుడూ పెన్సిల్ పెట్టుకుని తిరుగుతుందని క్లాసంతా ఆమెను మేస్త్రి అంటారు. కొత్తమ్మాయి ఆ జానెడు చోటులో సర్దుకుంది. పది నిమిషాల్లో ఇద్దరూ చేతులు చూసుకుంటూ గుసగుసలు మొదలుపెట్టారు.

"మేం పది వరకే లెక్కపెడతాం వేళ్ల మీద," అంది మేస్త్రి.

"మా అమ్మమ్మ రెండు చేతులతో అరవై దాకా లెక్కపెడుతుంది. చూడు, బొటనవేలితో ఒక్కో కణుపూ ముట్టుకోవాలి. వేలికి మూడు. నాలుగు వేళ్లకి పన్నెండు."

"మరి అరవై?"

"దానికి రెండో చెయ్యి కావాలి. ఇప్పుడు ఈ చేతిని..."

సరిగ్గా అప్పుడు మాస్టారు బల్ల మీద చాక్‌పీసుతో కొట్టారు. "ఇద్దరి బెంచీలో ముగ్గురేంటి? మేస్త్రీ, జరుగు. అమ్మా, నువ్వు ఈ పూటకి మూలనున్న పాత బెంచీలో కూర్చో. రేపటికల్లా నేనో ఏర్పాటు చేస్తాను."

"రెండో చెయ్యి రేపు చెప్తా," అని కొత్తమ్మాయి లేచింది.

మాస్టారు ఇంటికెళ్లి, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, గళ్ల కాగితం మీద పట్టిక వేశారు. ముప్ఫై ఏడు రోజులు. క్లాసులో ప్రతి ఒక్కరూ మిగతా అందరి పక్కనా సరిగ్గా ఒక్కో రోజు కూర్చుంటారు. రోజుకొకరు మూలబెంచీలో ఒంటరిగా ఉంటారు. అది కూడా మనిషికి ఒక్కసారే. ఒంటరితనాన్ని ఇంత సమానంగా పంచిన మనిషి ఇంకొకడు ఉండడని ఆయనకే అనిపించింది. గొడుగు బళ్లోనే మరిచిపోయానని మర్నాడు వానలో గానీ గుర్తు రాలేదు.

పట్టికలో కొత్తమ్మాయికి మేస్త్రి పక్కన చోటు ముప్ఫై ఐదో రోజున పడింది.

సరే, విరామంలో మాట్లాడుకోవచ్చు కదా అని వాళ్లిద్దరూ అనుకున్నారు. మొదటి రోజు విరామంలో ఇద్దరూ కుళాయి దగ్గర చేతులు చాపి నిలబడితే హెడ్మిస్ట్రెస్ చూశారు. "కొత్తమ్మాయి ఒక్కరితోనే తిరుగుతోంది. మిగతావాళ్లు దగ్గరికి రానివ్వట్లేదేమో" అని ఆవిడ కంగారు. పట్టికను విరామానికీ, భోజనానికీ, ఆటలకీ కూడా వర్తింపజేశారు. బంతి విసరాలన్నా ఆ రోజు జంటకే విసరాలి. వీపు చూపించి పరిగెత్తే ఆటల్లో ఇది కొంచెం కష్టమైంది.

కొత్తమ్మాయి బుద్ధిగా రోజుకొకరి పక్కన కూర్చుంది. ప్రతివాళ్లతోనూ ఏదో ఒక మాట మొదలయ్యేది. అది రుచి పట్టేసరికి ఆఖరి గంట కొట్టేవారు. మర్నాడు మళ్లీ "నీ పేరేంటి" దగ్గర్నుంచి. మేస్త్రి మూడు బెంచీల అవతల నుంచి వేళ్ల మీది పన్నెండు కణుపులూ పదే పదే లెక్కపెట్టుకుని, రెండో చెయ్యి ఏం చెయ్యాలో తోచక ఊరుకునేది.

తొమ్మిదో రోజు మూలబెంచీ వంతు 'గంట' అనే కుర్రాడిది. గుసగుస కూడా పక్క క్లాసుకి వినిపించే గొంతు కాబట్టి వాడికా పేరు. వాడు మరిచిపోయిన డబ్బా ఇవ్వడానికి వాళ్ల నాయనమ్మ వచ్చి కిటికీలోంచి తొంగి చూసింది. క్లాసంతా జంటలు, మనవడు మూలన ఒక్కడు.

"మావాణ్ణి వెలేశారా!" అని ఆవిడ అన్న మాట బడి గేటు దాకా వినిపించింది. గొంతు వాడికి ఎవరి నుంచి వచ్చిందో అప్పుడు అందరికీ తెలిసింది.

"అబ్బే, కాదమ్మా! ఇది ఎవరూ ఒంటరిగా ఉండకూడదని పెట్టిన పద్ధతి," అన్నారు మాస్టారు.

"అందుకని ఒంటరిగా కూర్చోబెట్టారా?"

మాస్టారు ఆవిడకి పట్టిక తీసి చూపించారు. మర్నాటికి ఐదు కుటుంబాలు వచ్చాయి. మూలబెంచీ అయిపోయిన వాళ్లు ఎందుకయిందని, కాని వాళ్లు ఎప్పుడవుతుందని. హెడ్మిస్ట్రెస్ అందరికీ కుర్చీలు వేయించి, "ఇది శిక్షే అయితే మేం పాటిస్తామా? రేపటి నుంచి స్టాఫ్‌రూమ్‌లో కూడా ఇదే పద్ధతి," అని ప్రకటించారు. ఆవిడతో కలిపి పదమూడు మంది. పదమూడు రోజులు. పథకం కనిపెట్టినందుకు గౌరవంగా మొదటి రోజు మూలకుర్చీ లెక్కల మాస్టారికే ఇచ్చారు.

పదకొండో రోజు మధ్యాహ్నం మాస్టారు విరిగిన బీరువా పక్కన డబ్బా విప్పారు. ఎదురుగా కిటికీ దగ్గర, తను రోజూ కూర్చునే కుర్చీలో, ఆటల మాస్టారు కూర్చుని తన మోకాలి ఆపరేషన్ గురించి చెబుతున్నాడు. డ్రాయింగ్ మాస్టారు పగలబడి నవ్వుతున్నాడు. పదకొండేళ్లలో తన మాటకి ఆయన అంతలా నవ్విన గుర్తు లేదు. స్టాఫ్‌రూమ్ పట్టిక చూసుకుంటే డ్రాయింగ్ మాస్టారి పక్కన తన వంతు ఇంకా పదకొండు రోజులకి.

గుమ్మం దగ్గర కొత్తమ్మాయి నిలబడి ఉంది. ఆ రోజు క్లాసులో మూలబెంచీ ఆమెదే.

"మాస్టారూ, ఒక లెక్క అడగొచ్చాండీ? మధ్యలో సెలవు వస్తే ఆ రోజు వంతు పోతుందా, ముందుకు జరుగుతుందా?"

"జరుగుతుంది."

"అయితే ముప్ఫై ఐదు కాదు, ఇంకా ఎక్కువే," అని ఆమె తల దించుకుంది.

"ముప్ఫై ఐదున ఏముంది?"

"మేస్త్రికి రెండో చెయ్యి చెప్పాలండీ."

సంగతంతా ఆయన అడిగి చెప్పించుకున్నారు. విన్నాక డబ్బాకి మూత పెట్టేశారు. "నీకు స్నేహితులెవరూ లేరనే కదమ్మా ఇదంతా పెట్టింది?"

"మొదటి రోజే దొరికిందండీ," అంది ఆ పిల్ల. తప్పు పట్టినట్టు కాదు, ఉన్న మాట అన్నట్టు.

మాస్టారికి సిగ్గేసింది. గోడ దగ్గర నిలబడ్డ చిన్నప్పటి రోజుల్లో తనకు కావలసింది పట్టిక కాదు. ఎవరైనా ఒకరు కొంచెం జరిగి, చోటిచ్చి ఉంటే చాలు. ఆ జరిగిన పిల్లని తనే వెనక్కి జరిపాడు.

తిన్నగా హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్లారు. "మేడమ్, పట్టిక ఆపేద్దాం."

"పదకొండు రోజులకేనా? పైఆఫీసుకి నివేదిక కూడా రాశాను. లెక్కలో తప్పుందా?"

"లెక్క సరిగ్గానే ఉందండీ. ఆ పిల్లని ఎవరూ ఏమీ అడగలేదు, అంతే."

ఆవిడ ఒప్పుకునేలా లేరు. మాస్టారు నిట్టూర్చి, "మీ ఇష్టం. రేపు మీ వంతు ఆటల మాస్టారి పక్కన. మోకాలు మొదటి భాగమే అయింది, రేపు కుట్ల దగ్గర్నుంచి," అన్నారు.

హెడ్మిస్ట్రెస్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పిల్లల మనసు ముఖ్యం మాస్టారూ. ఇవాళే ఆపేయండి."

మర్నాడు మాస్టారు కొంచెం భయంగానే క్లాసుకి వెళ్లారు. పట్టిక పోయింది, ఎవరి గూట్లో వాళ్లు చేరిపోయి ఉంటారని, కొత్తమ్మాయికి మేస్త్రి ఒక్కతే మిగులుతుందని. చూస్తే మూడో బెంచీలో ఏడుగురు ఉన్నారు. ఇద్దరి బెంచీ. పది రోజుల్లో కొత్తమ్మాయి పక్కన కూర్చున్నవాళ్లలో ఐదుగురు సగంలో ఆగిన మాటలు పూర్తి చేసుకోవడానికి ఎగబడ్డారు. మధ్యలో ఆమె ఎడమ చెయ్యి ఎత్తి, "పన్నెండు అయినప్పుడల్లా ఈ చేతిలో ఒక వేలు ముడవాలి. ఐదు వేళ్లూ అయ్యేసరికి అరవై!" అంటోంది.

మేస్త్రి నోరు తెరిచింది. చెవి మీది పెన్సిల్ కిందపడినా చూసుకోలేదు.

"మా తాతయ్య చిటికెన వేలి నుంచి మొదలుపెడతాడు!" అన్నాడు గంట, మూడు క్లాసులకి వినిపించేలా.

"మా ఇంట్లో పిడికిలి బిగించి ఒక్కో వేలూ తెరుస్తారు," అంది ఇంకో పిల్ల.

"ఏంటీ గోల?" అన్నారు మాస్టారు.

"లెక్కలే మాస్టారూ! జరగండిరా, మాస్టారికి చోటివ్వండి!" అంది మేస్త్రి.

ఏడుగురూ జరిగారు. జానెడు చోటు వచ్చింది. మాస్టారు అటూ ఇటూ చూసి, పెద్దవాళ్లెవరూ లేరని నిర్ధారించుకుని, అందులో సగం కూర్చున్నారు. కణుపులు ముట్టుకుంటూ అరవై దాకా లెక్కపెట్టారు. బెంచీ కిర్రుమంది గానీ విరగలేదు. ఆ రోజు భిన్నాలు జరగలేదు. ఆ తర్వాత మూడు వారాలు కూడా ఆ బెంచీ పుణ్యమా అని పెద్దగా జరగలేదు.

నెలాఖరున ప్రగతి పత్రాలు రాయాల్సి వచ్చింది. మాస్టారు కిటికీ దగ్గర, డ్రాయింగ్ మాస్టారి పక్కన కూర్చుని, క్లాసులో అందరికీ రాసినట్టే కొత్తమ్మాయికీ రాశారు: "లెక్కలు బాగు. క్లాసులో అతిగా మాట్లాడుతోంది. విడిగా కూర్చోబెట్టవలెను."