కత్తులయివారి గడ్డం

మా ఇంట్లో ఇరవైమూడు మంగలి కత్తులుండేవి. నవ్వకండి. మీలో కొందరు తపాలా బిళ్లలు దాచుకోలేదా? నంద్యాల హైస్కూల్లో చరిత్ర చెప్పేవాణ్ణి కాబట్టి నేను వాటికి ‘చారిత్రక సేకరణ’ అని పేరు పెట్టుకున్నాను. పిల్లలు నాకు కత్తులయివారు అని పెట్టారు.

ఒకటి దంతపు పిడిది. ఒకటి దున్నపోతు కొమ్ము పిడిది, దాని అలుగు మీద ఓడ బొమ్మ. అన్నిటికన్నా గొప్పది ఎవరో దొర వదిలిపోయిన పెట్టె. అందులో ఏడు కత్తులు, ఒక్కోదాని వెన్ను మీద ఇంగ్లీషులో ఒక్కో వారం పేరు. మంగళవారం, శుక్రవారం కూడా గడ్డం గీసుకున్నాడంటే ఆ దొర ఎంత గుండె గల మనిషో!

ఇరవైమూడింటిలో ఒక్కటీ తెగదు. నా గడ్డానికి మంగలి గురుస్వామే తన కత్తి పట్టుకుని రావాలి.

పంతొమ్మిదివందల యాభై ఏడు ఎండాకాలం సెలవుల్లో బుద్ధి గడ్డి తిని, నా భార్య కమలాక్షమ్మ అద్దాల బీరువా ఖాళీ చేసి కత్తులు పరిచాను. ఆమె పట్టుచీరలు గోనెసంచిలో కుక్కి అటకెక్కించాను. వారం తిరక్కుండా ఎలుకలు వాటి పని పట్టాయి.

“ఏందయ్యా ఇది?”

“ఎలుకలే...”

“ఎలుకల్ని అడగలా, నిన్ను అడుగుతాండా. నా పెండ్లిచీర సంచిలోనా? తుప్పు కత్తులు అద్దాల్లోనా?”

“తుప్పు కాదే, చరిత్ర.”

“అట్లనా? ఇంక నీకు ఆ చరిత్రే వండి పెడుతుందిలే.”

మరునాడు పొద్దున బస్సుకే ఆళ్లగడ్డలో తమ్ముడింటికి వెళ్లిపోయింది.

మాకు పిల్లల్లేరు. ఇరవైయేడేళ్లుగా మా ఇంట్లో చప్పుడంటే ఆమె తిట్టడం, నేను గొణగడం. ఇప్పుడు గొణిగినా ఏందని అడిగే దిక్కులేదు. అన్నం వండితే అడుగు మాడేది, పైన పలుకుండేది. ఒకరోజు అలవాటు కొద్దీ “పులుసులో ఇంత ఉప్పేందే?” అని గట్టిగా అరిచాను. “తింటే తిను, లేకుంటే లేయ్” అనేవాళ్లు లేరు. ఆ పూట ముద్ద దిగలేదు.

వెళ్లి పిలుచుకు రావచ్చు కదా అంటారు. వెళ్తే తప్పైందనాలి. రెండు ఉత్తరాలు మొదలుపెట్టి, ఆ మాట దగ్గరికి రాగానే చింపేశాను. చివరికి ఒక పథకం తోచింది. గడ్డం పెంచుతాను. అయివారు దిగులుతో పాడైపోయినాడని ఆళ్లగడ్డకు కబురు పోతుంది. ఆమె మనసు కరిగి తనంతట తనే బస్సెక్కుతుంది.

గురుస్వామి వస్తే చెయ్యి అడ్డం పెట్టాను. “వద్దప్పా, ఇప్పుడప్పుడే నా గడ్డానికి కత్తి తగలకూడదు.”

“అమ్మ యాడుండాది సామీ?”

“పుట్టింట్లో.”

గురుస్వామి నా గడ్డం వంకా, నా తెల్లజుట్టు వంకా చూశాడు. చేతులెత్తి నాకొక దండం పెట్టి, పొది సర్దుకుని వెళ్లిపోయాడు.

అప్పట్నుంచి వీధి వీధంతా నా మీద ప్రేమ కురిపించింది. పక్కింటి మణెమ్మ సంగటీ పప్పూ పంపింది. “ధైర్యంగా ఉండయివారూ, దేవుడు ఇన్నాళ్లకు సల్లగా సూసినాడు” అంది. పెళ్లాం అలిగిపోతే దేవుడు చల్లగా చూడడమేమిటో తెలియలేదు గానీ, సంగటి బాగుంది కాబట్టి అడగలేదు.

నెల దాటాక ఒక ఉదయం చూస్తే మణెమ్మ మొగుడు తనే వాకిలి ఊడుస్తున్నాడు.

“మా ఆమెనా? ఐదుమంది ముత్తైదువులు కలిసి ఆళ్లగడ్డకు పోయినారు గదప్పా, మీ ఇంటామెకు గాజులేసేకి.”

“గాజులెందుకు?”

“ఆమె పుట్టింట్లో, నువ్వేమో గడ్డంతో. ఎందుకని నన్నడుగుతావేంది?”

అప్పుడు వెలిగింది నాకు. భార్య కడుపుతో ఉంటే మొగుడు గడ్డం తీయకూడదు. ఊరందరికీ తెలిసిన ఆచారం. చరిత్ర చెప్పే నాకే తట్టలేదు. మా ఇంట్లో దానితో ఎప్పుడూ పని పడలేదు మరి.

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. మొదటి బస్సు పోయింది. రెండో దాంట్లో కొర్రల మూటల మీద కూర్చుని ఆళ్లగడ్డ చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఆడవాళ్లు భోంచేసి, తాంబూలాలు పుచ్చుకుని, నన్ను చూసి ముసిముసిగా నవ్వుతూ బస్సుకు వెళ్లిపోయారు.

కమలాక్షమ్మ నట్టింట్లో కూర్చునుంది. రెండు చేతుల నిండా పచ్చగాజులు.

“ఆళ్లకు నిజం చెప్పలేదా?” అన్నాను.

“చెప్పలా.”

“ఎందుకే?”

“నలభై నాలుగేళ్లొచ్చినాయి నాకు. ఎన్ని ఇండ్లల్లో పేరంటానికి పోయినానో, ఎంతమందికి గాజులు తొడిగినానో నీకేం తెలుసు? ఈ పొద్దు నా చెయ్యి పట్టుకుని తొడుగుతా ఉంటే వద్దనేకి నోరు రాలా. ఒక్క పూట ఉండనీలే అనుకున్యా.”

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. “గడ్డం ఎందుకు పెంచినావ్? నాకు నిజం చెప్పు.”

“నువ్వొస్తావని.”

“రమ్మని ఒక్క మాటంటే రానా? సరే, పద. ఆ ఐదిండ్లకూ పోయి నిజం చెప్పాల. నువ్వు నా యనకాలే నడు, ఈ గడ్డంతోనే.”

సాయంత్రానికి నంద్యాలలో దిగి ముందు మణెమ్మ ఇంటికే వెళ్లాం. కమలాక్షమ్మ గడపలో నిలబడి “మణెమ్మా, అది...” అని ఆగిపోయింది. గాజుల చేతులు కొంగులో దాచుకుంది.

నేను ముందుకొచ్చాను. “ఆమెకేం లేదమ్మా. చీరలు పాడుచేసి నేనే తరిమేసినా. తప్పు నాదే. ఆమె లేక ఒంటిగా ఉండలేకపోయినా. జాలిపడి వస్తుందని గడ్డం పెంచినా.”

మణెమ్మ నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. లోపలి నుంచి ఆమె మొగుడు పకపకా నవ్వాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. పక్కన కమలాక్షమ్మ కూడా నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటూ.

“ఇంకా నాలుగిండ్లుండాయి, నడు” అంది. “ఆడ గూడా ఇట్లే చెప్పు. ఒక్క మాట తగ్గినా ఒప్పుకోను.”