పొగలో కనబడే బాలింతలు

మా పేటలో కాన్పయిన ఆడమనిషి, బిడ్డకు బొడ్డూడే వేళకు కంటికి కనబడకుండా పోతుంది. ఇందులో ఎవరికీ వింత లేదు. చూడవచ్చినవాళ్ళు గాలిలో ఆగి ఉన్న బిడ్డ బుగ్గ నిమిరి, ముక్కు ఎవరిదో చెవులెవరివో తేల్చి, కాఫీ తాగి వెళ్తారు. కాఫీ ఎవరు పెట్టారని అడగరు.

పాతరోజుల్లో దీనికి చక్కని ఉపాయం ఉండేది. బాలింతకు వేన్నీళ్ళు పోసి, నడుముకు పాత నూలుచీర బిగించి, నులకమంచం కింద కుంపటి పెట్టి సాంబ్రాణి వేసేవారు. పొగ లేవగానే మంచం మీద మనిషి ఆకారం తేలేది. తడి జుట్టు, వంగిన భుజాలు. ఆకారం దొరికింది గనక ఇంటి పెద్దామె దానితో మాట్లాడేది. "పొత్తికడుపు నొప్పి తగ్గిందా తల్లీ? వెల్లుల్లి కారంతో ఇంకో ముద్ద తింటావా?" ఆ వాసన తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచివస్తుంది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఇంకో కాన్పు నీకు కావాలా అని ఆ పొగలోనూ ఎవరూ అడగలేదు.

పొగ పసిబిడ్డ ఊపిరికి చేటని డాక్టర్లు మాన్పించారు. మంచిపనే. తల్లిని చూడటానికి వేరే ఏర్పాటు చెయ్యాలని మాత్రం ఎవరికీ తట్టలేదు.

సుభాషిణికి రెండో కాన్పయింది. పెద్దపాప ఇంకా చంక దిగలేదు. రక్తం బాగా పోయి, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. బిడ్డకు టీకా వేయించడానికి భర్త ఆంజనేయులు, అత్త పున్నమ్మ ఆస్పత్రికి వెళ్తుంటే తనూ వెంట వెళ్ళింది. పున్నమ్మ కూడా ఒకప్పుడు మాయమైన మనిషే. కోడలు ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి అందరికీ బాగా కనబడుతోంది.

నర్సు ఎస్తేరు బిడ్డను తూచి, సూది వేసింది. పక్కనున్న ఖాళీ కుర్చీలోంచి సుభాషిణి మాట వచ్చింది.

"సిస్టరుగారూ, నాకు లూపు వెయ్యండి. ఇప్పుడే ఇంకో కాన్పంటే నేను బతకను."

ఎస్తేరు మంచి మనిషి. పాపం, నొచ్చుకుంది.

"మాట వినపడతానే ఉందమ్మా. మనిషి కనపడకుండా ఎవరికని వెయ్యను? కనపడేవాళ్ళెవరన్నా చెప్పాలి" అంటూ ఆంజనేయులు వైపు తిరిగింది.

ఆంజనేయులు తల్లి వైపు తిరిగాడు.

"ఇద్దరూ ఆడపిల్లలేగా. ఒక్క మగపిల్లాణ్ణి పుట్టనీ, అప్పుడు చూద్దాం" అంది పున్నమ్మ. అంతలో ఆమెకు తన బాలింతరోజులు గుర్తొచ్చాయి. "మా అమ్మ పొగేసి, నొప్పిగా ఉందా పున్నీ అని అడిగేదిరా. అట్టా అడిగేవాళ్ళు ఇప్పుడేరీ?"

అందరూ అవునన్నారు. ఖాళీ కుర్చీ వైపు ఎవరూ తిరగలేదు.

కడుపు పండిన మనిషి తిరిగి కనబడటం మా పేటలో మామూలే. చంటిది ఇంకా కూర్చోవడం నేర్వకముందే సుభాషిణి కనబడింది. ఆంజనేయులు బత్తాయిలు తెచ్చాడు. పున్నమ్మ దిష్టి తీసి, కోడల్ని తానే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఎస్తేరు ఆమె కింది రెప్ప లాగి చూసి అదిరిపడింది.

"ఇంత పాలిపోయావేంటమ్మా! ఒంట్లో రక్తమే లేదు. ముందే వచ్చి చెప్పొద్దా?"

"వచ్చానండీ" అంది సుభాషిణి.

"నేను చూళ్ళేదే!" అంది ఎస్తేరు, నిజాయితీగానే. ఐరన్ మాత్రలు చేతిలో పెట్టింది. "కాన్పయ్యేదాకా మానకుండా వేసుకో."

సుభాషిణి తలూపింది. ఆ తలూపడం అందరికీ స్పష్టంగా కనబడింది.