పొత్తి పోయిన కడుపు

మా నగరంలో ఆడవాళ్ళకు ఇకమీదట పొత్తికడుపు ఇన్ఫెక్షన్ ఉండదని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. మందూ మాకూ లేకుండా ఒక్క మాటతో జబ్బును తరిమేసిన నాయకుణ్ణి నేను ఇంతకుముందు చూడలేదు.

ఆసుపత్రి తనిఖీకి వచ్చిన మంత్రిగారు ‘పొత్తికడుపు ఇన్ఫెక్షన్ల విభాగం’ అన్న బోర్డు ముందు ఆగిపోయారట.

"నలుగురు ఆడవాళ్ళు తిరిగే చోట ఇదేం మాటయ్యా?" అని సూపరింటెండెంటు గారిని గట్టిగా అడిగారు. "అసలిది దేనివల్ల వస్తుంది?"

"గనేరియా, క్లామిడియా లాంటి సుఖవ్యాధుల బాక్టీరియా వల్ల సార్. వేరేవీ ఉంటాయి. లోపల పరీక్ష చేసి చూస్తే..." అంది ఆ విభాగం చూసే డాక్టరమ్మ.

"మన నియోజకవర్గంలో అలాంటి బాక్టీరియా లేదమ్మా. పక్కదాంట్లో ఉంటే ఉండచ్చు. అక్కడ గెలిచింది అవతలి పార్టీవాళ్ళు."

సూపరింటెండెంటు గారు అప్పటికప్పుడు ‘పొత్తి’ మీదా, ‘ఇన్ఫెక్షన్ల’ మీదా తెల్లరంగు కొట్టించారు. ‘కడుపు విభాగం’ మిగిలింది. లోపల పరీక్ష చేసే గదికి తాళం పడింది. కంప్యూటర్లోనూ అదే దిద్దుబాటు జరిగింది. ఇంత చురుకైన పాలన అరుదు.

ఆ వారంలోనే మా ఆడపడుచును అక్కడికి తీసుకెళ్ళాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ బిడ్డ కోసం ఎదురుచూస్తున్న పిల్ల. పొత్తికడుపులో నొప్పి, జ్వరం, వాసన వేసే తెల్లబట్ట.

"నొప్పెక్కడమ్మా?" అన్నారు సూపరింటెండెంటు గారు.

ఆమె బొడ్డు కింద చెయ్యి పెట్టింది.

"చెయ్యి కాస్త పైకి పెట్టండి. అక్కడ మాకు విభాగం లేదు."

పైకి జరిపింది.

"ఆఁ, గ్యాస్!" అన్నారు సంతోషంగా.

వరండాలో డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అది గ్యాస్ కాదమ్మా. ఆలస్యమైతే గర్భసంచి పక్క గొట్టాలు మూసుకుపోతాయి. పిల్లలు పుట్టడం కష్టమవుతుంది."

"మీరైనా చూడచ్చుగా?"

"తాళం ఆయన దగ్గరుంది."

ప్రైవేటు డాక్టరు దగ్గరికి పోదామంటే మావారు పేపరు దించకుండానే, "పెద్దాసుపత్రివాళ్ళే గ్యాసన్నారుగా, నువ్వేమన్నా డాక్టరువా?" అన్నారు.

తర్వాతి వారం మా ఇంటి ముందు ప్రభుత్వ వ్యాను ఆగింది. ‘కడుపు’ విభాగంలో నమోదైన ఆడవాళ్ళందరినీ పైనున్న అధికారులు గర్భిణుల కింద లెక్కేశారు. వాళ్ళందరికీ సన్మానం.

"నాకు కడుపేంటి వదినా?" అంది ఆడపడుచు దుప్పట్లోంచి.

"సభలో ఆ డాక్టరమ్మ ఉంటుందట, పద," అన్నాను.

వేదిక మీద సూపరింటెండెంటు గారు గద్గద స్వరంతో, "మంత్రిగారి చలవ వల్లే ఇవాళ ఇంతమందికి కడుపులు వచ్చాయి!" అన్నారు. మంత్రిగారు వినయంగా చేతులు జోడించారు.

మా ఆడపడుచు చేతిలో ఉయ్యాల పెట్టి, "ఎన్నో నెలమ్మా?" అని మైకు అందించారు.

"నెల కాదండీ, వారం. జ్వరమొచ్చి రెండో వారం."

చప్పట్లు మోగాయి. ఆమె ఉయ్యాలతో సహా కూలబడింది.

వేదిక వెనక ప్రథమ చికిత్స డేరాలో డాక్టరమ్మ పరదా లాగింది. "తాళం ఆసుపత్రికే కదా, డేరాకి కాదుగా," అని గ్లవుజులు తొడుక్కుంది. గర్భసంచి మూతిని వేలితో కదపగానే మా పిల్ల కెవ్వుమంది.

"ఆ ఇన్ఫెక్షనే ఇది. రిపోర్టుల కోసం ఆగకూడదు, ఇప్పుడే మందు మొదలుపెట్టాలి," అని సూది వేసింది.

"నాకు పిల్లలు పుడతారా డాక్టరుగారూ?"

డాక్టరమ్మ ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది. "ముందు జ్వరం తగ్గనీ తల్లీ. గొట్టాల సంగతి అప్పుడే చెప్పలేను."

ఇంతలో పరదా పక్కకు జరిగింది. పట్టుచీరలో మంత్రిగారి భార్య, పొత్తికడుపు పట్టుకుని నిలబడి ఉంది.

"నన్నూ ఓసారి చూడమ్మా. మా ఇంట్లో అందరూ గ్యాసే అంటున్నారు."

చూడటానికి ఎక్కువసేపు పట్టలేదు. డాక్టరమ్మ సూది వేసి, రెండు మందుల పొట్లాలు ఆవిడ చేతిలో పెట్టింది.

"రెండెందుకమ్మా?"

"ఒకటి సార్‌కి. ఇద్దరూ వాడకపోతే మళ్ళీ వస్తుంది."

బయట మైకులో సార్ ప్రసంగం మొదలైంది. ఆవిడ కాసేపు విని, రెండో పొట్లాన్ని హ్యాండ్‌బ్యాగులో అడుక్కి తోసింది.

"గ్యాస్ మాత్రలని చెప్పి వేయిస్తాను లెండి."