అగ్నిపర్వతానికి ఒంటి తుమ్ము

ఆ ఉదయం వరహాలమ్మ ఉప్మా కలుపుతుంటే, రాయపూర్ రైల్వే గూడ్స్ ఆఫీసులో గుమాస్తా అయిన కొడుకు సత్తిరాజు వంటింటి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, మధ్యాహ్నం మెయిలుకి కలకత్తా ఎల్తన్నాను. అక్కణ్ణుంచి ఓడలో అండమాను. ఆ పక్కన దీవి మీద అగ్నిపర్వతం ఉంది. ఎక్కుతాను."

"నిప్పు ఆరిపోయిందేట్రా?"

"ఆరలేదు. పొగొస్తంటాది. అందికే గదా ఎక్కడం!"

గరిటె జారి కింద పడింది. సత్తిరాజు ఆశగా తల్లి ముఖంలోకి చూశాడు. ఆమె వంగి గరిటె తీసుకుంది.

"నీళ్ళసీసా మర్సిపోకు," అంది.

ఆమె నోటికి 'వద్దు' అన్న మాట రాదు. చిన్నప్పుడు రంగూను ఓడెక్కుతున్న అన్నతో వద్దంది. అతను నవ్వి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. తాను వద్దన్నవాళ్ళు తిరిగి రారని ఆమెకు ఆనాటినుంచీ భయం. ఇప్పుడు ఆ మాట దేవుడే ఎలాగో అనాలి. దేవుడికి సాయంగా ఆమె పక్కింటి అప్పలనరసమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"వదినా, మావోడు గుమ్మం దాటగానే నువ్వొక్క తుమ్ము తుమ్మాల. ఒక్కటే! రెండైతే శుభమైపోద్ది."

"తుమ్మేటి నేను పెంచుకున్న పిల్లా, పిలిస్తే రాడానికి?" అంది అప్పలనరసమ్మ. అంటూనే పెనం మీద వేయడానికి దోసెడు ఎండుమిరపకాయలు తీసింది.

మధ్యాహ్నానికి టాంగా వచ్చింది. మండే కొండ ఎక్కబోయే మొనగాణ్ణి సాగనంపడానికి కాలనీ అంతా బంతిపూల దండతో దిగింది. సత్తిరాజు గుమ్మం దాటాడు. పక్కింట్లోంచి "హాచ్!" అని వినబడింది.

"ఒంటి తుమ్ము!" అని కేక పెట్టింది వరహాలమ్మ. ఆ కేక పూర్తికాకుండానే సత్తిరాజు పెట్టె దించి అరుగు మీద కూర్చున్నాడు. కొడుక్కి ఇంత దైవభక్తి ఉందని ఆమెకు అంతవరకూ తెలియదు.

శకునాల్లో కాలనీకి పెద్దదిక్కు రిటైరైన గార్డు రామయ్య. "ప్రయాణం మానుకోవాల్సిందే," అనడానికి ఆయన నోరు తెరిచాడు. అప్పుడే మిరపఘాటు వచ్చి ఆయన ముక్కులో దూరింది. హాచ్!

"రెండు! శుభం. లే బాబూ!"

సత్తిరాజు లేచాడు. ఘాటు అరుగంతా కమ్మేసింది. ఎవరో తుమ్మారు, అతను కూర్చున్నాడు. ఇంకెవరో తుమ్మారు, లేచాడు. రామయ్య ఒకప్పుడు వ్యాగన్లు లెక్కపెట్టినట్టు తుమ్ములు లెక్కపెట్టాడు. వరహాలమ్మ కొంగుతో ముక్కు నొక్కుకుని గుడ్లు మిటకరించింది. తన తుమ్ము ఎటు తిప్పుతుందో!

చివరికి లెక్క బేసి దగ్గర ఆగింది. తల్లీకొడుకులిద్దరూ ఒక్కసారే ఊపిరి పీల్చుకున్నారు.

అంతలో టాంగా గుర్రం తుమ్మింది.

"గుర్రంది లెక్కలోకి రాదు!" అరిచింది వరహాలమ్మ.

"క్యోం నహీ ఆయేగా, మాయీ? మేరా ఘోడా కిసీసే కమ్ హై క్యా?" తన గుర్రం ఎవరికి తక్కువని టాంగావాలాకు రోషం వచ్చింది.

"నిజమే. బండి లాగేదే అది. దాని తుమ్మే అసలైంది," అని తేల్చేశాడు రామయ్య. అందరూ కలిసి సత్తిరాజును ఎత్తి టాంగాలో పడేశారు.

ప్లాట్‌ఫారం మీద మెయిలు ఆగి ఉంది. పెట్టె ఎక్కించారు. దండ వేయబోతుంటే సత్తిరాజు తలుపులోంచి వంగి, తల్లి చెవిలో అన్నాడు.

"అమ్మా, వద్దను. నీకు దండం పెడతాను. ఆఫీసులో గొప్పకి అన్నాను, వాళ్ళు పక్కా అనేసుకున్నారు. నువ్వేడ్చి ఆపేస్తావనుకుంటే, నీళ్ళసీసా అంటావేటి!"

వరహాలమ్మ నెత్తి కొట్టుకుంది. "ఓరి నీ దుంప తెగ! పొద్దుటినుంచి నా పానాలు తోడేసి, ఇప్పుడా సెప్పడం?"

రైలు గార్డు ఈల వేశాడు. రైలు కదిలింది. నవ్వుతూ ఓడెక్కిన అన్న ముఖం కళ్ళముందు మెదిలింది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

"వద్దురా, సత్తీ! ఎల్లొద్దు!"

కళ్ళు తెరిచేసరికి కొడుకు పక్కనే ఉన్నాడు. ఎప్పుడు దూకాడో ఎవరూ చూడలేదు. తాను వద్దంటే ఆగిన మనిషిని ఆమె జన్మలో మొదటిసారి చూస్తోంది. నమ్మకం చాలక అతని చొక్కా రెండు చేతులా పట్టుకుంది.

"వాళ్ళమ్మ ఎల్లనివ్వలేదు గానీ, ఎక్కేసేవోడే," అన్నారు కాలనీవాళ్ళు. తెచ్చిన దండ పాడైపోతుందని, కదులుతున్న రైల్లోని గార్డు మెడలో వేసి జైకొట్టారు. ఆయన దగ్గర్లోని బిలాస్‌పూర్ దాకానే వెళ్తున్నాడు.