శాంతి గదికి నాలుగు తలుపులు

శాంతి చర్చలు మొదలుకాకపోవడమే దేశానికి క్షేమం. మొదలైతే ఎప్పుడో ఒకప్పుడు ముగుస్తాయి. ముగిస్తే ఒప్పందం అంటారు. ఒప్పందమంటూ ఒకటుంటే దాన్ని ఎవరో ఒకరు తప్పాలి, తప్పినవాణ్ణి మిగతావాళ్ళు తిట్టాలి, అటకెక్కించిన తుపాకులు మళ్ళీ దింపాలి. ఎందుకొచ్చిన గొడవ? గదిలోకి ఎలా అడుగుపెట్టాలన్న దగ్గరే ఆగిపోతే ఎంత హాయి!

నమ్మకం కుదరడం లేదా? అయితే ఏర్పాట్ల ఆఫీసరు గారి కథ వినండి.

ఏళ్ళ తరబడి ఒకరినొకరు కాల్చుకుంటున్న నాలుగు పక్షాలను ఒక గదిలో కూర్చోబెట్టే పని ఆయన నెత్తిన పడింది. సర్కారువాళ్ళు, కొండవాళ్ళు, ఏటివాళ్ళు. నాలుగోవాళ్ళు కొండవాళ్ళతో తెగతెంపులు చేసుకుని బయటికొచ్చినవాళ్ళు. ఊరంతా వాళ్ళను చీలికవాళ్ళంటుంది. వాళ్ళు మాత్రం అసలు కొండవాళ్ళం మేమే, కొండ మీద ఉన్నవాళ్ళే చీలారంటారు. కుర్చీలు, మైకులు, ఫ్యాన్లు, మంచినీళ్ళు ఆఫీసరు గారి పూచీ. యుద్ధం, శాంతి పైవాళ్ళ పూచీ.

కానీ ఈ చర్చల్లో ఆయనకొక సొంత పని ఉంది. ఒక్కగానొక్క కూతురు ఏటి అవతలి ఒడ్డున కాపురముంటోంది. నెలలు నిండబోతున్నాయి. కాన్పు కష్టం కావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆసుపత్రి ఇవతలి ఒడ్డున ఉంది. మధ్యలో బ్రిడ్జి, దానికి రెండు కొసలా ఇసుక బస్తాలు, బస్తాల వెనక తుపాకులు.

చర్చల్లో మొదటి అంశం ఆ బ్రిడ్జిని తెరవడమే. విచిత్రమేమిటంటే, అందులో ఎవరికీ పేచీ లేదు! నాలుగు పక్షాలూ లోపాయికారీగా ఎప్పుడో ఒప్పుకున్నాయి. కాకపోతే ఆ మాట గదిలో కూర్చుని అనాలి. గదిలో కూర్చోవాలంటే ముందు గదిలోకి రావాలి.

అక్కడ పడింది పీటముడి.

గదికి వీధివైపు ఒకే ఒక పెద్ద తలుపు. పెరటివైపు టీలు తెచ్చే చిన్న తలుపు ఒకటుంది గానీ దాన్ని తలుపుగా ఎవరూ లెక్క చేయలేదు. మరి పెద్ద తలుపులోంచి ముందు ఎవరు వెళ్ళాలి? ముందు వెళ్ళినవాడు శాంతి కోసం తహతహలాడుతున్నట్టు, అంటే ఓడిపోతున్నట్టు. ఆఖర్న వెళ్ళినవాడు బడికి ఆలస్యమైన పిల్లాడిలా అందరి చూపుల మధ్య నడవాలి. పోనీ కలిసి వెళ్దామంటే భుజాలు తగులుతాయి. తుపాకి గుళ్ళు తగిలితే ఫరవాలేదు గానీ, భుజాలు తగిలితే పరువేం కాను?

“ఎవరి తలుపు వాళ్ళకుంటే పోలా?” అన్నాడు ఏటివాళ్ళ పెద్దమనిషి, మాటవరసకి.

నాలుగు పక్షాలూ తలలూపాయి. చూశారా! యుద్ధం మొదలయ్యాక కుదిరిన తొలి ఏకాభిప్రాయం అది. తలుపు పేచీ లేకపోతే ఈ ముచ్చట చూసేవాళ్ళమా?

మేస్త్రీలు దిగారు. పెద్ద తలుపు ఎవరికిచ్చినా మిగతా ముగ్గురూ అలుగుతారు కాబట్టి దాన్ని ఇటుకలతో మూసేశారు. నాలుగు గోడలకూ నాలుగు కొత్త కంతలు కొట్టారు. వడ్రంగులకు పని, రంగులవాళ్ళకు పని, తాళాలవాడికి పని. ఏ పరిశ్రమ ఇచ్చింది ఇన్ని ఉద్యోగాలు?

ఇక కొలతలు. ఒకరి టేపును ఒకరు నమ్మరు గనక ప్రతి పక్షమూ సొంత టేపు తెచ్చుకుంది. కొండవాళ్ళ టేపూ చీలికవాళ్ళ టేపూ ఒకే కొట్లో కొన్నవే, అయినా వాటికి పడలేదు. సర్కారు తలుపు వెంట్రుకవాసి ఎత్తుందని ఏటివాళ్ళు వాకౌట్ చేశారు. లోపలికే రానివాళ్ళు వాకౌట్ ఎలా చేశారని అడక్కండి, అది రాజకీయం. మిగతా మూడు గడపలూ చెక్కి ఎత్తు సరిచేశారు. తర్వాత, తలుపు లోపలికి తెరుచుకోవాలా, బయటికా? లోపలికి నెడితే దూకుడు. బయటికి లాగితే వెనకడుగు. దీని మీద సబ్‌కమిటీ పడింది. సబ్‌కమిటీ ఎక్కడ కూర్చోవాలన్న దాని మీద ఇంకో సబ్‌కమిటీ పడింది.

ఆఫీసరు గారు ఇంటికెళ్తే భార్య కంచం పెట్టేముందు ఒకే మాట అడిగేది, తలుపులయ్యాయా అని. గొళ్ళాలు మిగిలాయని ఆయన చెప్పేవాడు.

“ఏమండీ, మీరు గొళ్ళాలు బిగించేలోపు మనవడు నడుచుకుంటూ వచ్చి తలుపు తడతాడు” అంది ఒకరోజు.

ఆయన నవ్వబోయి ఆగాడు. ఆవిడ నవ్వడం లేదు.

తలుపులయ్యాక గడియారం వచ్చిపడింది. నలుగురూ ఒక్క క్షణంలోనే లోపలికి అడుగుపెట్టాలి. ఎవరి గడియారం ప్రకారం? గోడ గడియారానికి సర్కారు బంట్రోతు కీ ఇస్తాడు కాబట్టి అది సర్కారు కాలం. కొండవాళ్ళది కొండ కాలం. పోనీ ఈల వేద్దామన్నారు. ఈల ఎవరు వేయాలి? ఆటల రిఫరీని పట్టుకొచ్చారు. ఆయన తోడల్లుడు చీలికవాళ్ళ మనిషని తేలింది. ఆ మాటకొస్తే ఆ ఊళ్ళో ఎవరి తోడల్లుడు ఎవరి మనిషి కాడు? ఆఖరికి పాత మిల్లు సైరన్ మోగిద్దామని ఒప్పుకున్నారు. యంత్రానికి తోడల్లుళ్ళు ఉండరు గదా!

ఈలోపు గది కప్పులో పగులు కనిపించింది. చెప్పిందెవరో కాదు, టీ కప్పులో సున్నం పెచ్చు పడిన ఆఫీసరు గారే. ఇన్ని కంతలు కొట్టిన గది నిలవదేమో, ఇంకో చోటు చూద్దామని కాగితం పెట్టాడు. పగులు ఏ తలుపు మీద మొదలైందన్నది ముందు తేలాలని సర్కారువాళ్ళన్నారు. కొండవాళ్ళ తలుపు దగ్గర మొదలై చీలికవాళ్ళ తలుపువైపు పాకిందని ఏటివాళ్ళన్నారు. పాకింది అటునుంచి ఇటని కొండవాళ్ళన్నారు. పగులును అజెండాలో ఆఖరి అంశంగా చేర్చారు.

అసలు రోజు రానే వచ్చింది. నాలుగు తలుపుల ముందు నలుగురు నాయకులు, వెనక వాళ్ళ మందీమార్బలం. సైరన్ కోసం అందరూ చెవులు రిక్కించి ఉండగా ఆఫీసరు గారి జేబులో ఫోన్ వణికింది. అల్లుడు.

“మామయ్యగారూ, నొప్పులు మొదలయ్యాయి. బ్రిడ్జి దగ్గరికి తీసుకొచ్చాను. బస్తాల అవతల వ్యాన్లోనే ఉన్నాం. వీళ్ళు కదలనివ్వడం లేదు.”

ఆ వెనకే కూతురి గొంతు వినిపించింది, పళ్ళ బిగువున. “నాన్నా, తలుపులు బాగా వచ్చాయా?”

సైరన్ మోగింది.

నలుగురూ ఒక్కసారే అడుగుపెట్టారు! వెనక్కి తిరిగి చూస్తే పక్కవాడికి భయపడ్డట్టవుతుంది గనక వెనక్కి చూడకుండానే, ఎవరికి ఎవరూ తీసిపోకుండా, తమ తమ తలుపును దభాలున వేశారు. నాలుగు తలుపులు. నాలుగు గోడలు. ఒకే చప్పుడు.

గది మూలిగింది.

మొదట ఒక పెచ్చు రాలింది. తర్వాత ఒక ఫ్యాను ఊగి, ఇక సెలవంటూ బల్ల మీద వాలింది. నలుగురూ ఎవరి తలుపు వైపు వాళ్ళు ఉరికారు. పైన బరువు దిగి ద్వారబంధాలు నొక్కుకుపోయాయి. లోపలికీ రావు, బయటికీ పోవు. సబ్‌కమిటీ ఆ సంగతి ఊహించలేదు! తెరిచి ఉన్నది ఒక్కటే, తలుపుగా ఎవరూ లెక్క చేయని టీ తలుపు.

ముందు మీరంటే ముందు మీరని ఎవరైనా అన్నారా? గడియారం చూశారా? భుజాలు తగిలాయా? తగలడమేమిటి, సర్కారు పెద్ద కొండ నాయకుడి నడుము పట్టుకున్నాడు, కొండ నాయకుడు చీలిక నాయకుడి చొక్కా పట్టుకున్నాడు, ఏటి పెద్దమనిషి ముగ్గురినీ వెనకనుంచి ఒక్క తోపు తోశాడు. మనిషి పట్టడమే కష్టమైన ఆ సందులోంచి నాలుగు పక్షాలూ ఒక్క మూటగా పెరట్లో పడ్డాయి. వెనక కప్పు కూలింది.

పెరట్లో స్టవ్వు, ఎంగిలి కప్పుల తొట్టి, నలుగురు తెల్లటి మనుషులు. నెత్తి నుంచి కాలి దాకా సున్నం. ఎవరు ఏ పక్షమో కన్నతల్లి కూడా పోల్చలేదు. బతికామన్న సంబరంలో ఒకరి వీపు ఒకరు దులుపుకుంటున్నారు. దగ్గుతూనే నవ్వుతున్నారు. ఒకడి చేతిలోని టీ ఇంకొకడు తాగేశాడు, వాసన కూడా చూడకుండా!

బయటే ఉండిపోయిన ఆఫీసరు గారు పరుగున వాళ్ళ మధ్యకు వెళ్ళి నిలబడ్డాడు. చేతిలో ఫోన్ ఇంకా వెలుగుతోంది.

“మొదటి అంశం” అన్నాడు. “బ్రిడ్జి. తెరుద్దామా?”

“తెరువు నాయనా” అంది తెల్లటి మనుషుల్లో ఒక గొంతు. “ముందు కాసిని మంచినీళ్ళియ్యి.”

మిగతా మూడు తలలూ ఊగాయి. నాలుగు ఫోన్లు బయటికొచ్చాయి. టీ కెటిల్ రెండోసారి పొంగేలోపు బస్తాలు పక్కకు జరిగాయి. వ్యాను బ్రిడ్జి దాటింది. పొద్దు వాలేలోపు ఆఫీసరు గారి చేతిలో మనవరాలు, ఎర్రగా, పిడికిళ్ళు బిగించి, లోకంలోకి ఏ తలుపులోంచి వచ్చానా అని ఎవరినీ అడక్కుండా నిద్రపోతోంది. తల్లి క్షేమం. అమ్మమ్మ కళ్ళొత్తుకుంటూనే, గొళ్ళాలు గట్టిగా బిగించలేదేమో అంది. ఈసారి నవ్వింది.

సున్నం కడుక్కున్నాక నాయకులకు తమ పక్షాలు గుర్తొచ్చాయి. గదిలో కూర్చోకుండా అన్న మాట చెల్లదు, బ్రిడ్జి మళ్ళీ మూసేయాలన్నారు. చెల్లదు నిజమే. కానీ మూయాలంటే నలుగురూ కలిసి నిర్ణయించాలి. నిర్ణయించాలంటే కూర్చోవాలి. కూర్చోవాలంటే గది ఉండాలి. కొత్త గది తలుపుల మీద సబ్‌కమిటీ నడుస్తోంది. పైగా టీ తలుపులోంచి ఆఖర్న బయటికొచ్చింది ఎవరన్నది తేలలేదు, నలుగురూ తామేనంటున్నారు. అందాకా బ్రిడ్జి తెరిచే ఉంది. జనం దాటుతూనే ఉన్నారు. పేచీలు దేశానికి క్షేమమని మొదటే చెప్పానా, లేదా?

కొత్త గది ఏర్పాట్లూ ఆఫీసరు గారివే. తలుపులు ఎవరికి ఎన్ని కావాలన్నా పెట్టిస్తానన్నాడు. ఒక్కటే మనవి చేసుకున్నాడట, కప్పు మాత్రం కాస్త బలహీనంగా ఉండనివ్వమని.

న్యాయమైన కోరికే. ఏటికి రెండు వైపులా జనం ఏళ్ళుగా అలాంటి కప్పుల కిందే కాపురాలు చేస్తున్నారు. పెచ్చులు రోజూ రాలుతున్నాయి. వాళ్ళ గదులకు టీ తలుపు కూడా లేదు.