మైకు బండి వచ్చేలోపు

“ఈ వరద తగ్గేదాకా, అద్దె కట్టలేదని ఒక్కరు కూడా వీధిన పడటానికి వీల్లేదు!” అని మునిసిపాలిటీ సభలో ఛైర్మన్‌గారు బల్ల గుద్దారు. మంచినీళ్ల గ్లాసు మాత్రం పడింది.

వెనక కుర్చీలో, సభ చూడ్డానికొచ్చిన ఒక టైలరు కళ్లు తుడుచుకున్నాడు. పాపం, అతని కొట్టు ఇంకా నీళ్లలోనే ఉంది. కుట్టుమిషనొక్కటే నెత్తిన పెట్టుకుని మెరక మీదున్న అద్దింటికి చేర్చాడు. ఆ ఇల్లూ పోతే మిషను పెట్టుకోవడానికి మళ్లీ నెత్తే గతి.

చర్చ వాడిగా సాగింది. అసలు వరదొచ్చిందా అని ఒక సభ్యుడు నిలదీశాడు. వచ్చినట్టే ఉందిగానీ, నీళ్లు కొలిచే కర్ర కొట్టుకుపోవడంవల్ల ఖాయంగా చెప్పలేమన్నాడు ఇంజనీరు. ఆ నిజాయితీకి సభ చప్పట్లు కొట్టింది.

అప్పుడు లేచారు వార్డు మెంబరుగారు. టైలరు ఇంటి ఓనరు ఆయనే. “ఈ టైములో అద్దె అడిగేవాడు మనిషేనా? ఎవర్నీ ఖాళీ చేయించకూడదని తీర్మానం చేద్దాం” అంటూ మైకుని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు. పొద్దున తలుపు బాది అద్దె అడిగిన మనిషేనా ఈయన అని టైలరు పొంగిపోయాడు. ఎంతైనా మైకు ముందు నిలబడితే మనిషిలోని మంచి బయటికొస్తుంది మరి.

తీర్మానం ఏకగ్రీవం. ఇక అమలు. అక్కడి రూలు ప్రకారం, మునిసిపాలిటీ మైకు బండి వచ్చి చాటాకే ఏ తీర్మానమైనా ఆ వీధికి వర్తిస్తుంది.

“బండికి డీజిలు నా సొంత డబ్బుతో పోయిస్తా. సాయంత్రానికి బయల్దేరుతుంది” అన్నారు మెంబరుగారు. మళ్లీ చప్పట్లు.

మరుక్షణం సభ ఖాళీ. టీ, బిస్కెట్లు ముట్టకుండా సభ్యులంతా ఇళ్లవైపు ఉరికారు. అందరూ ఇళ్లు అద్దెకిచ్చినవాళ్లే. శుభవార్త స్వయంగా చెప్పాలని ఎంత ఆత్రమో అనుకున్నాడు టైలరు. భార్యకని రెండు బిస్కెట్లు జేబులో వేసుకుని తీరిగ్గా నడిచాడు.

వీధిలో తన మంచం కనిపించింది. దానిమీద పరుపు, బిందెలు. పక్కనే కుట్టుమిషను పట్టుకుని భార్య. మెంబరుగారు తలుపుకి కొత్త తాళం వేసి, పడిందో లేదోనని లాగి చూస్తున్నారు.

“ఇదేంటి సార్? ఇందాకేగా మీరు...”

“అందుకేగదయ్యా. బండి వచ్చాక ఖాళీ చేయించకూడదు. చట్టం ముందు మనమెంత? అవునుగానీ, స్పీచి ఎలా ఉంది?”

“బాగుంది సార్” అన్నాడు టైలరు, అలవాటు కొద్దీ.

“ఇంతసేపూ అక్కడ ఏం చేశావయ్యా?” అంది భార్య. అతను బిస్కెట్లు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

అంతలో మైకు బండి సందు తిరిగింది. మంచం అడ్డం. డ్రైవరు తల బయటపెట్టి, “అన్నా, సామాను కాస్త పక్కకి లాగండి. ఈ వీధికి తీర్మానం చాటాలి” అన్నాడు.

టైలరు మంచం ఒకవైపు పట్టుకున్నాడు. రెండోవైపు మెంబరుగారే ఒక చెయ్యి వేశారు.